వనామి రొయ్య (పేరు)

'''వనామి''' అనునది నెల్లూరు తీరమున విరివిగా పెంచబడుతున్న రొయ్య. ఇది తెలుగు మాట కాదు. ''పీనియస్ వన్నామీ'' అను శాస్త్రీయ నామములోని రెండవ పదమే వాడుకలోనికి వచ్చినది. విల్లార్డ్ వాన్ నేమ్ అను అమెరికా జంతుశాస్త్రజ్ఞుని పేరిట 1931లో పెర్ల్ లీ బూన్ ఈ పేరు పెట్టారు. దీని స్వస్థలము తూర్పు పసిఫిక్ తీరము. భారతదేశములో దీని వాణిజ్య పెంపకానికి 2009లో అనుమతి లభించినది.

== వాడుక పేర్లతో చిక్కు ==
తడ (2022 నుండి తిరుపతి జిల్లా) పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్నది. ఈ సరస్సులో సహజముగా దొరికే తెల్ల రొయ్య ''పీనియస్ ఇండికస్''. ఆంగ్లములో వనామిని కూడా "పసిఫిక్ తెల్ల రొయ్య" అంటారు. కావున "తెల్ల రొయ్య" అన్నంత మాత్రాన అది స్థానిక జాతియో, విదేశీ జాతియో తెలియదు. ఈ భేదము ముఖ్యమైనది. వనామి పెంపకానికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. దిగుమతి చేసుకున్న తల్లి రొయ్యలను ముందుగా చెన్నైలోని క్వారంటైన్ కేంద్రములో పరీక్షిస్తారు. విదేశీ జాతి సహజ జలాలలో కలిస్తే స్థానిక జాతులకు వ్యాధులు సోకే ప్రమాదము ఉన్నది.

== పేరు మారినపుడు ==
1997లో ప్రచురితమైన వర్గీకరణ పీనియస్ ప్రజాతిని విభజించినది. దానితో వనామి ''లిటోపీనియస్ వన్నామీ'' అయినది. తరువాత జన్యు పరిశోధనల ఆధారముగా చాలామంది తిరిగి పాత పేరునే స్వీకరించారు. నేటికీ పుస్తకాలలో రెండు పేర్లూ కనిపిస్తాయి. విద్యార్థులు వీటిని రెండు జాతులుగా పొరబడరాదు. మారినది మొదటి పదమే. రైతులు గ్రహించినది రెండవ పదము కనుక చెరువు గట్టుపై వాడుక చెక్కుచెదరలేదు.