గోదారి గట్టు పావురాలు

టీవీలో కోతి గంతులేస్తోంది. దాని పేరు జగ్గూ. ఛోటా భీమ్‌కి జిగిరీ దోస్తు. అది కనిపిస్తేనే గానీ గొంతులో ముద్ద దిగని పిల్లలు వీధికి పదిమంది. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థలో పుట్టిన ఈ బొమ్మలు 2008లో పోగో చానల్‌కి ఎక్కాయి.

అయితే, జంతువుల నోట పిల్లలకు మంచీచెడ్డా చెప్పించడం టీవీతో మొదలైంది కాదు. ఆ విద్యలో గోదారి గట్టుకీ ఓ వాటా ఉంది!

నారాయణ పండితుడి సంస్కృత ‘హితోపదేశం’లో మొదటి భాగం మిత్రలాభం. ఆ కథ మొదలయ్యేది గోదావరి ఒడ్డున, ఓ పెద్ద బూరుగు చెట్టు దగ్గర. పరవస్తు చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ను తెలుగువాళ్లకు ఇచ్చినప్పుడు ఆ నదినీ ఆ చెట్టునీ అలాగే ఉంచారు. ఏ రేవు పక్కన అన్నది మాత్రం చెప్పలేదు. కాబట్టి అది మా చెట్టేనని ధవళేశ్వరం వాళ్లు అనొచ్చు, కాదు మాదని కోటిపల్లి వాళ్లు పేచీ పెట్టొచ్చు.

తెల్లారకముందే వేటగాడొచ్చి వల పన్ని, గింజలు చల్లి, పక్కన నక్కుతాడు. పైన ఎగురుతున్న పావురాలకు నోరూరుతుంది. మనుషుల్లేని అడవిలో గింజలెక్కణ్నుంచి వచ్చాయంటాడు రాజు చిత్రగ్రీవుడు. ఇలా అన్నింటికీ అనుమానపడితే తిన్నట్టేనని ఓ ముసలి పావురం తీసిపారేస్తుంది. అంతే, అన్నీ దిగుతాయి. అన్నీ చిక్కుకుంటాయి. మాట వినని మందతో పాటు మాట చెప్పిన రాజు కూడా!

అందరూ ముసలిదాని మీద పడతారు. చిత్రగ్రీవుడు ఆపుతాడు. తిట్టుకునే వేళ కాదు, ఒక్కసారిగా ఎగరండి అంటాడు. వలతో సహా లేస్తాయి. ఎలుక నేస్తం హిరణ్యకుడి కన్నం ముందు వాలతాయి. ముందు నీ తాళ్లు కొరుకుతానంటుంది ఎలుక. వద్దు, ముందు నన్ను నమ్ముకున్నవాళ్లవి అంటాడు రాజు. ఇదంతా కళ్లారా చూసిన కాకి లఘుపతనకుడు, నాతోనూ స్నేహం చెయ్యమని ఎలుకని బతిమాలుకుంటాడు. నువ్వు తినేవాడివి, నేను తిండిని... మనకెలా కుదురుతుందంటుంది ఎలుక. మొదటి రోజు బడికెళ్లిన పిల్లాడికి ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఏ కార్టూనూ నేర్పి ఉండదు.

చిక్కల్లా భాషతోనే. సూరి మహా వ్యాకరణవేత్త. ఆయన పుస్తకంలో కాకి కూడా తప్పులేని గ్రాంథికంలో మాట్లాడుతుంది! తరాల పిల్లలు దీన్ని కథగా కాక అప్పజెప్పాల్సిన పాఠంగా చదివి హడలిపోయారు. సూరి రాసింది మిత్రలాభం, మిత్రభేదం. మిగతా సంధి, విగ్రహం రాసినవారిలో రాజమండ్రి కందుకూరి వీరేశలింగం ఒకరు. గ్రాంథికంలో కలం పట్టిన ఆయనే చివరి రోజుల్లో గిడుగు రామమూర్తి వాడుక భాష ఉద్యమం వైపు నిలిచారు. చిత్రమేమిటంటే, గోదావరి సీమ ఆ తర్వాత బొమ్మలకు పెట్టింది పేరైంది. బుడుక్కి రూపమిచ్చిన బాపు పుట్టింది నరసాపురంలో, మాటలిచ్చిన ముళ్లపూడి పుట్టింది ధవళేశ్వరంలో. చిత్రగ్రీవుడికి మాత్రం బుడుగంత పేరు రాలేదు.

వచ్చుంటే బాగుండేది. ఛోటా భీమ్‌లో ఆపదొస్తే లడ్డూ తిన్న భీముడొచ్చి ఓ దెబ్బ వేస్తాడు. మిత్రలాభంలో అలాంటి వీరుడు లేడు. తాబేలు మంథరకుణ్ని వేటగాడు కట్టి పట్టుకెళ్తుంటే జింక చెరువు గట్టున చచ్చినట్టు పడుకుంటుంది. కాకి దాని కన్ను పొడుస్తున్నట్టు నటిస్తుంది. వేటగాడు తాబేలుని కింద పెట్టి అటు పరిగెడతాడు. ఎలుక తాడు కొరుకుతుంది, తాబేలు నీళ్లలోకి జారుతుంది. ఒక్కరికీ కండబలం లేదు.

ఈ కథ రాత్రి పక్కలో చెబితే పిల్లలు తప్పకుండా అడిగేది ఒకటుంటుంది. ఇంతకీ ఆ ముసలి పావురాన్ని ఏం చేశారు?

ఏమీ చెయ్యలేదు. అది కూడా ఆ వల కిందే, అందరితో కలిసి రెక్కలాడించింది.