పెన్షన్ పుచ్చుకున్న తర్వాత కాటన్ దొర

మేడిపల్లి, ఉప్పల్, నాచారం వైపు సంఘాల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఒకరిద్దరైనా కనిపిస్తుంటారు. ఆరాధనకు పది నిమిషాలు ముందే వచ్చి నిటారుగా కూర్చుంటారు. వి.బి.ఎస్. రోజుల్లో పిల్లలను వరుసలో నిలబెట్టే పని వారిదే. సిపాయిలుగా చేరినవారిలో చాలామంది నలభై దాటకముందే పెన్షన్‌తో ఇంటికి వచ్చేస్తారు. అప్పటికి పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు. మిగిలిన ముప్పై, నలభై ఏళ్ళు ఏం చేయాలి? బ్యాంకు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగమా, ఊళ్ళో సేద్యమా, సంఘ పరిచర్యా? వారితో మాట్లాడినప్పుడల్లా ఈ ప్రశ్న మాకు ఎదురవుతూనే ఉంది.

బైబిలులో ఈ ప్రశ్న ఎదుర్కొన్న సైనికుడు కాలేబు. నలభై ఏళ్ళప్పుడు వేగు చూడటానికి వెళ్ళిన ఆయన ఎనభై అయిదేళ్ళ వయసులో యెహోషువ ముందు నిలబడి అడిగింది విశ్రాంతి కాదు, అనాకీయులు ఉన్న కొండసీమ (యెహోషువ 14వ అధ్యాయం). ఆ తర్వాతి అధ్యాయంలో ఆయన కుమార్తె అక్సా నీళ్ళు లేని పొలం ఇచ్చావని తండ్రిని అడిగి ఎగువ, దిగువ ఊటలను సంపాదించుకుంటుంది. ఈ వాక్యభాగం చదివినప్పుడల్లా మాకు సర్ ఆర్థర్ కాటన్ గుర్తుకు వస్తాడు.

ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం చూసినవారిలో ఆయన సైనికుడన్న సంగతి ఎందరికి తెలుసో! 1803లో పుట్టి, పదిహేనేళ్ళకే అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి, 1821లో మద్రాసుకు వచ్చాడు. 1824-26 బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. 1836లో కొళ్ళిడం నది మీద ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట కట్టించాడు. నందన కరువులో చితికిపోయిన గోదావరి జిల్లాకు 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట ఇచ్చిన కథ మన పాఠకులకు మళ్ళీ చెప్పనక్కరలేదు. 1860లో ఉద్యోగ విరమణ చేశాడు, మరుసటి ఏడు 'సర్' బిరుదు వచ్చింది. ఆ తర్వాత ఇంకా 39 ఏళ్ళు బ్రతికాడు. మన ప్రసంగాల్లో కాటన్ ధవళేశ్వరం దగ్గరే ఆగిపోతాడు గాని, ఆ 39 ఏళ్ళ మాట ఎవరూ ఎత్తరు.

అవి సుఖంగా గడిచిన ఏళ్ళు కావు. తుంగభద్ర నీటిని కర్నూలు నుంచి కడప దాకా తెచ్చే కాలువను ఒక ప్రైవేటు కంపెనీ చేత తవ్వించాలన్నది ఆయన పట్టు. ఖర్చు అంచనాలు దాటిపోయింది. నీటి తీరువా కట్టి నీళ్ళు తీసుకునే రైతులు అనుకున్నంతమంది రాలేదు. పెట్టుబడి మునిగింది. చివరకు 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. ఈ విషయంలో కాటన్ లెక్క తప్పిందని ఒప్పుకోవాలి. ఆశించినంత త్వరగా ఫలితం వస్తుందని నమ్మడం ఆయన బలహీనత.

ఇంతలో 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది చనిపోయారు. డెబ్బై అయిదేళ్ళ కాటన్ 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. రైళ్ళ మీద పోసిన డబ్బులో కొంతైనా కాలువల మీద పెట్టి ఉంటే పొలానికి నీళ్ళు, ధాన్యానికి పడవలు రెండూ దక్కేవని వాదించాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆయన పక్షాన కలం పట్టింది. కమిటీ మాత్రం ఆయన వైపు మొగ్గలేదు, పైగా కర్నూలు కాలువ నష్టాన్నే ఎత్తి చూపారు.

అదే కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి బాప్టిస్టు కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. కాలువ తవ్వకం ఆకలి తీర్చగలదని లండనులో కాటన్ నోటితో చెబుతుండగా, ఇక్కడ పార పట్టిన చేతులు దాన్ని రుజువు చేశాయి.

ఆయన మాట చెల్లలేదు. కాని కాటన్ అలిగి కూర్చోలేదు. ఇంగ్లండులోని డార్కింగ్ పట్టణంలో స్థిరపడి, అరబ్బీ నేర్చుకునేవారి కోసం 1876లో చిన్న వాచకం వేశాడు. అదే పట్టణంలో పెద్ద కుమార్తె ఎలిజబెత్ సారాయి దుకాణాలకు అలవాటుపడ్డ కూలీల కోసం కాఫీ గది తెరిచి సువార్త చెబుతుంటే అండగా నిలిచాడు. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైన పని పెరడు. నేలను లోతుగా తవ్వి, గుల్ల చేసి, గోధుమ విత్తి ఎంత పంట వస్తుందో లెక్క వేసుకునేవాడు. వేళ్ళు లోతుకు దిగితే, గాలి మట్టిలోకి పోతే పంట పెరుగుతుందని ఆయన నమ్మకం. అక్కడ దొరికిన ఫలితం భారతదేశపు రైతుకు పనికొస్తుందన్న ఆశ కూడా ఉంది. జనరల్ హోదా ఉన్నవాడు ఆ వయసులో మట్టి పనికి దిగడం చుట్టుపక్కల వారికి వింతగా తోచి ఉంటుంది.

1899 జూలైలో, 96 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు.

ఆయనకు చెడ్డపేరు తెచ్చిన ఆ కర్నూలు-కడప కాలువను మనం కె.సి. కెనాల్ అంటాం. సుంకేశుల దగ్గర మొదలై మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు సాగే ఆ కాలువ కింద రాయలసీమ రైతులు ఈనాటికీ వరి నాటుతున్నారు.