‘ఆప్షన్’ ఎవరి చేతిలో ఉంది?

మొగుడి హింస భరించలేక ఇల్లు విడిచిన స్త్రీకి ఎదురయ్యే మొదటి ప్రశ్న తిండి. న్యాయం సంగతి ఆ తర్వాత. రేపు పొయ్యి ఎట్లా వెలుగుతుందో తేలనిదే ఆమె బయటికి రాలేదు, వచ్చినా నిలవలేదు. అందుకే గృహహింస గురించి మాట్లాడేవాళ్లు సంక్షేమ భృతి నిబంధనల గురించి కూడా మాట్లాడక తప్పదని నేననుకుంటాను. ఈ సంబంధాన్ని చట్టం ఒప్పుకుని, ఒప్పుకుంటూనే సగం దారిలో ఆగిపోయిన ఉదాహరణ అమెరికాలో ఉంది.

అక్కడ పేద తల్లులకూ పిల్లలకూ 1935లో ఒక భృతి ఏర్పడింది. దాని స్వరూపాన్ని విప్పి చెప్పినవాళ్లలో జానీ టిల్మన్ ముఖ్యురాలు. అర్కన్సాలో పాలుకు సేద్యం చేసే నల్లజాతి కుటుంబంలో పుట్టి, లాస్ ఏంజెలస్‌లో లాండ్రీ పని చేసి, జబ్బుపడి భృతి మీద బతికిన తల్లి ఆమె. ఈ వ్యవస్థ కూడా ఒక చెడ్డ పెళ్లిలాంటిదేననీ, మొగుణ్ణి వదిలితే ఆ స్థానంలోకి ప్రభుత్వం వచ్చి కూర్చుంటుందనీ 1972లోనే ఆమె రాసింది.

1996 ఆగస్టు 22న అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో ఆ పాత భృతి రద్దయింది. దాని స్థానంలో ‘టాన్ఫ్’ అనే తాత్కాలిక సహాయం వచ్చింది. దానికి మూడు గట్టి షరతులున్నాయి. ఒకటి, పని. వారానికి సగటున 30 గంటలు, ఆరేళ్లలోపు బిడ్డ ఉన్న ఒంటరి తల్లికి 20 గంటలు. రెండు, గడువు. కేంద్ర నిధులతో ఇచ్చే సహాయం జీవితం మొత్తంలో 60 నెలలు. మూడు, బిడ్డ తండ్రి ఎవరో చెప్పి, అతని నుంచి మనోవర్తి రాబట్టడానికి అధికారులకు సహకరించడం. సహకరించకపోతే భృతిలో కనీసం 25 శాతం కోత.

కాగితం మీద ఇవి అందరికీ సమానం. కాని దెబ్బలు తిన్న స్త్రీ మీద ఎట్లా పనిచేస్తాయో చూడండి. ఆమె సంపాదిస్తే తన పట్టు సడలుతుందని అతనికి తెలుసు. ఇంటర్వ్యూకి ముందురాత్రి కొడతాడు, పని చేసేచోటికి వచ్చి రభస చేస్తాడు. షికాగోలోని టేలర్ ఇన్‌స్టిట్యూట్ తరఫున జోడీ రాఫెల్ ఇటువంటి అనుభవాలను 1990లలో నమోదు చేసింది. ఇక మనోవర్తి కేసు వేస్తే, ఎవరికి కనపడకుండా దాక్కుందో అతన్నే ఆమె కోర్టులో ఎదుర్కోవాలి. ఆమె వైద్యానికీ దాక్కోవడానికీ పట్టిన నెలలు కూడా గడువులో కరిగిపోతాయి. అంటే అతను చెరిచిన దినాలకు ప్రభుత్వం ఆమె దగ్గర జరిమానా వసూలు చేస్తుంది.

ఈ అన్యాయాన్ని చూసి సెనేటర్లు పాల్ వెల్‌స్టోన్, ప్యాటీ మరే ఆ చట్టంలోనే ఒక నిబంధన పెట్టించారు. దాని పేరు ‘ఫ్యామిలీ వయొలెన్స్ ఆప్షన్’. పేరులోనే కీలకం ఉంది. ఆ ఆప్షన్ స్త్రీది కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. దీన్ని స్వీకరించిన రాష్ట్రం బాధితులను గుర్తించాలి, వివరాలు రహస్యంగా ఉంచాలి, సహాయ సంస్థలకు పంపాలి. ఏ షరతు ఆమె తప్పించుకోవడాన్ని కష్టం చేస్తుందో, లేదా ఆమెను అన్యాయంగా శిక్షిస్తుందో దాన్ని సడలించవచ్చు. హింస అంటే దెబ్బలు మాత్రమే కాదు. లైంగిక, మానసిక హింస, వైద్యం అందకుండా చేయడం కూడా అందులోకి వస్తాయి. అత్యధిక రాష్ట్రాలు దీన్ని ఏదో ఒక రూపంలో స్వీకరించాయి.

1999 నాటి కేంద్ర నియమాల ప్రకారం, రాష్ట్రాలకు లెక్కలోకి వచ్చే మినహాయింపును ఒక్కొక్క స్త్రీ పరిస్థితిని బట్టి ఇవ్వాలి, ఆరు నెలలకోసారైనా తిరిగి పరిశీలించాలి, గృహహింస విషయంలో శిక్షణ పొందిన వ్యక్తి సేవల ప్రణాళిక తయారు చేయాలి. న్యూయార్క్‌లో ఇందుకోసం ప్రత్యేక ఉద్యోగులున్నారు. హింస గురించి అడిగే ఫారం అర్జీదారులందరికీ ఇస్తారు, పూర్తి చేయడం ఆమె ఇష్టం.

అడిగేటప్పుడు ముఖ్యమైనవి రెండు. మొదటిది, ఏ షరతు ఎందుకు అడ్డో విడివిడిగా రాయాలి. పని నుంచి మినహాయింపు వచ్చినంత మాత్రాన మనోవర్తి షరతు తొలగినట్టు కాదు. రెండోది, రాతపూర్వకంగా అడిగి నకలు ఉంచుకోవాలి. నోటిమాట తిరస్కరణకు సాక్ష్యం ఉండదు, విచారణ కోరాలంటే కాగితం కావాలి.

ఇంత ఉన్నా అడగలేని స్త్రీలున్నారు. బల్లకు అవతల కూర్చున్న అపరిచితుడికి, వెనక వరస నిలబడి వింటుండగా, పడకగది రహస్యం చెప్పాలి. చెబితే పిల్లల్ని లాక్కుంటారేమోనన్న భయం ఉంది. అది ఊహ కాదు. తల్లి దెబ్బలు తినడాన్ని బిడ్డ చూసినంత మాత్రాన తల్లిది నిర్లక్ష్యం కాదని 2004లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

మినహాయింపు ఇస్తే స్త్రీలు సోమరులవుతారనే వాదం ఒకటుంది. నిజానికి పనే తన విముక్తి అని నమ్మే బాధితురాళ్లు ఎందరో. వాళ్లకు శిక్షణ, ఉద్యోగం దొరకాలి. మినహాయింపు పేరుతో వాళ్లను పక్కన పెట్టడం ఇంకో రకం అన్యాయం. ఏది క్షేమమో తేల్చవలసింది ఆమె.

నా దృష్టిలో ఈ నిబంధన దయాభిక్ష కాదు. దెబ్బల వల్ల పనికి పోలేని మనిషిని పనికి రాలేదని శిక్షించకపోవడం న్యాయంలో కనీస భాగం. కాని అడిగితేనే దొరికే హక్కు, ఉన్నదని చెప్పేవాళ్లు లేకపోతే లేనట్టే. ఆప్షన్ ప్రభుత్వం చేతిలో ఉన్నంతకాలం, దాని సంగతి ఆ స్త్రీ చెవిన వేయడం కూడా పోరాటంలో భాగమే.