తల్లిపై నింద - శిశువు సూచన

నెలలు నిండకయే జన్మించిన శిశువు ఆసుపత్రిలో అద్దాల పెట్టెయందు కొన్ని వారములు గడపి, బరువు హెచ్చి, యిల్లు చేరినప్పుడు కుటుంబమెల్ల గండము గడచినదని సంతసించును. ఆ సంతోషము న్యాయమైనదే. కాని గండము గడచుటతోనే పెద్దల కర్తవ్యము ముగియదని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. పాఠకులు ఈ విషయమును శ్రద్ధతో నాలకింప ప్రార్థించుచున్నాము.

ఇట్టి శిశువులలో కొందరు రెండు మూడేండ్ల ప్రాయమున పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడరు, తోటిపిల్లలతో ఆడరు, మాటలు ఆలస్యమగును, లేదా వచ్చిన మాటలును నిలువవు. దీనిని వైద్యులు ఆటిజమందురు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించి దీనిని లోకమునకు ఎరుకపరచెను. నెలలు నిండక పుట్టిన 3,366 మంది పిల్లలను గూర్చిన 18 పరిశోధనలను 2018లో ఒక్కచోట చేర్చి చూడగా, నూటికి సుమారు 7 గురియందు ఇది కానవచ్చినది. తక్కిన 93 మందికి ఇది లేదనుటయు మరువరాదు.

ఈ లక్షణములు పైకి కనబడకమునుపే శిశువు నాడులయందు సూచన యేమైన గలదా? నవజాతశిశువుల వినికిడి పరీక్ష కొంత సమాధానము చెప్పుచున్నది. నిద్రించు శిశువు చెవిలో టిక్కుటిక్కుమను చిన్న ధ్వనులను వినిపింతురు. నొసటను, చెవివెనుకను అంటించిన తీగలు ఆ ధ్వనివలన బుట్టిన సంకేతము మెదడు కాండములోని నాడీమార్గమున బోవుటను గుర్తించును. సెకనులో నూరవవంతు కాలములోపల ఐదు తరంగములు వరుసగ నేర్పడును. అవి ఆలస్యమైనచో దారిలో సంకేతము మందగించినదని యర్థము. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున 139,154 మంది శిశువుల పరీక్షాఫలితములను పరిశీలించి 2021లో ప్రకటించిరి. వారిలో తరువాత ఆటిజము నిర్ధారణయైన 321 మందియందు ఈ ప్రతిస్పందన సగటున ఆలస్యముగా నుండెను.

న్యూయార్కు నగరములోని స్టేటన్ ఐలెండున నొక పరిశోధనాలయమువారు ప్రత్యేక చికిత్స పొందిన శిశువులనే యేండ్ల తరబడి కనిపెట్టి చూచిరి. తరువాత ఆటిజము కనబడిన 28 మందియందు నెలనాటి ప్రాయముననే కంటిచూపు వస్తువును ఇరుప్రక్కల సమముగా వెంబడింపకపోవుటయు, చేతుల కండరముల బిగువులో లోపమును ఎక్కువగా నుండెనని 2010లో ప్రకటించిరి. వినికిడి పరీక్షలో మెదడు కాండపు లోపమును, నాలుగవ నెలలో అధికప్రేరణ గల దృశ్యములవైపు మొగ్గుటయు నొక్క శిశువునందే కూడినప్పుడు అనుమానము బలపడునని 2013లో దెలిపిరి.

ఇవి జోస్యములు కావు. సగటున గనబడు భేదమును బట్టి ఒక్క శిశువు భవిష్యత్తును నిర్ణయించుట తగదు. ఇట్టి సూచన గల బిడ్డలలో పెక్కురు ఏ లోపమును లేక పెరుగుదురు. సూచన శిక్ష కాదు. మెలకువగా నుండుమని చెప్పు హెచ్చరిక.

ఈ పరిశోధనలవలన మరియొక సత్యము స్థిరపడుచున్నది. బిడ్డ ముభావముగా నుండుటకు తల్లి ప్రేమ చాలకపోవుటయే కారణమను వాదమును 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తన గ్రంథముచే ప్రబలింపజేసెను. అంతకు మూడేండ్ల మునుపే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ ఇది దేహసంబంధమైనదని వాదించియుండెను. తల్లి యింకను తనివితీర బిడ్డ నెత్తుకొననైన లేదు. అద్దాల పెట్టెలోనే సంకేతము మందగించినది. అట్టిచో ఆమె పెంపకమును నిందించుట యేమి న్యాయము? మన యిండ్లలోను ఈ నింద వినబడుచునే యున్నది. అత్తగారు కోడలిని, ఇరుగుపొరుగువారు ఇంటివారిని తప్పుపట్టుచుండగా చికిత్సకు దగిన యేండ్లు జారిపోవుచున్నవి. “వాని మేనమామకును మాటలు ఆలస్యముగానే వచ్చినవి” అను నోదార్పుకూడ అంత నష్టమును కలిగించును.

మన దేశమున 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, వికాసలోపముల నాదిలోనే కనిపెట్టుటకు జిల్లాకేంద్రములలో ప్రత్యేక కేంద్రము లేర్పడినవి. వీనిని డైక్ కేంద్రములని వాడుకలో బిలుతురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. చట్టముండుట చాలదు. ప్రత్యేక చికిత్స పొందిన ప్రతి శిశువునకు ఇంటికి పంపునాడే వినికిడి పరీక్ష జరుపవలెను. మరల ఎప్పుడు తీసికొని రావలెనో ఆ తేదీలను తల్లి చేతి కాగితముపై వ్రాసి యీయవలెను. 18వ నెలలోను, 24వ నెలలోను ఆటిజమునకు పరీక్షింపవలెనని అమెరికా శిశువైద్యుల సంఘము చెప్పుచున్నది. ఇచ్చటను ఆ పద్ధతి నడువవలెనని మా యభిప్రాయము.

ఊరిలో మాట చెల్లు పెద్దలకు మా విన్నపమొకటి గలదు. మీ వీధిలో నట్టి బిడ్డ యున్నచో, ఆ తల్లిని తప్పెవరిదని ప్రశ్నింపకుడు. పరీక్షకు దినము తప్పకుండ వెళ్లుచున్నదా యని విచారించి, దారిఖర్చులకు లోటు రానీయకుడు. బిడ్డ తన సూచనను ముందే తెల్పినప్పుడు, దానిని వినవలసిన బాధ్యత మనది.