ఒక్క గీత, సంతకం, తేదీ

2004లో విశాఖలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి హైదరాబాద్ బస్సెక్కాను. అప్పటికి మా ఇంట్లో నెలజీతం అందుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. సనత్‌నగర్ హాస్టల్లో మా డిపార్ట్‌మెంట్ అక్క ఒకామె ఉండేది, నాకంటే రెండు బ్యాచ్‌లు పెద్ద. ఇంటర్వ్యూ ముందు రాత్రి మంచం మీద కూర్చోబెట్టి అడిగింది.

"ల్యాబ్‌లో రీడింగ్ తప్పు రాశావనుకో, ఏం చేస్తావే?"

"వైట్‌నర్ పెట్టి మళ్లీ రాస్తానక్కా."

"అమ్మ తల్లీ, రేపు ఆ మాటే ఎత్తకు!"

నా నోట్‌బుక్ లాక్కుని గీసి చూపించింది. తప్పు అంకె మీద అడ్డంగా ఒక్క గీత. కింది అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన సరైన అంకె, పొట్టి సంతకం, తేదీ, ఎందుకు మార్చామో రెండు ముక్కలు. మందుల కంపెనీలో ఒకసారి రాసింది మాయం కాకూడదు. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు ఈ రికార్డులే తిరగేస్తారు. మర్నాడు నన్ను అదే ప్రశ్న అడిగారు.

ఆ కంపెనీలో అక్కకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. రెండేళ్ల సిలబస్‌లో లేని మాట ఒకటి చెప్పింది, అంతే. మెంటరింగ్ అని ఇప్పుడు పెద్ద పేరు పెట్టుకున్నది దీనికే.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్, బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించినవాళ్లను ఆరా తీశాడు. 1973లో అచ్చయిన ఆయన వ్యాసం ప్రకారం, వారానికి రెండుసార్లయినా కలిసే మనుషుల ద్వారా కబురు అందినవాళ్లు 17 శాతం లోపే. మిగతావాళ్లకు చెప్పింది అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్లు. ఆలోచిస్తే సబబే. రూమ్‌మేట్‌కు తెలిసింది మనకూ తెలుసు. ఆరేళ్ల కిందట వెళ్లిపోయిన సీనియర్‌కు తెలిసింది హాస్టల్ మొత్తంలో ఎవరికీ తెలియదు. పలుకుబడి గల మేనమామలు లేని పిల్లలకు ఆ సీనియరే దిక్కు.

కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ సంస్థ, గ్రేడింగ్‌లో పూర్వ విద్యార్థుల తోడ్పాటును కూడా చూస్తూ వచ్చింది. అందుకని వాళ్ల సంఘాలు చాలాచోట్ల ఉన్నాయి. అలాంటి ఒక సమ్మేళనానికి వెళ్లాను. శాలువాలు, గ్రూప్ ఫొటో, భోజనాలు. ఫైనలియర్ పిల్లలు మాకు మంచినీళ్ల సీసాలు అందిస్తూ తిరిగారు. వాళ్లలో ఒక్కరినీ మా పక్కన కూర్చోనివ్వలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

పిల్లలు పెట్టే మెసేజ్‌లు ఎక్కువగా ఇలా ఉంటాయి: "మేడమ్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి." రెజ్యూమేను హెచ్‌ఆర్‌కు పంపగలను, అంతకుమించి నా చేతిలో ఏముంది? పోయినేడు శ్రీకాకుళం జిల్లా అమ్మాయి ఒకతె రాసింది: "మేడమ్, మీరు క్వాలిటీ కంట్రోల్ నుంచి రెగ్యులేటరీకి ఎలా మారారు? ఒక పావుగంట మాట్లాడతారా?" లింక్డిన్‌లో యూనివర్సిటీ పేజీ తెరిచి, పూర్వ విద్యార్థుల విభాగంలో ఎవరు ఏ ఊళ్లో, ఏ పనిలో ఉన్నారో వెతుక్కుంటూ నా దాకా వచ్చిందట.

పావుగంట కాస్తా గంట దాటింది. కొత్త మందును ఒక దేశంలో అమ్మాలంటే ఆ ప్రభుత్వానికి ఎన్ని దస్త్రాలు సమర్పించాలో, కెమిస్ట్రీ చదివినవాళ్లు వాటిని ఎలా తయారుచేస్తారో చెప్పాను. ముందు రెండేళ్లు ల్యాబ్‌లో నిలబడి పని నేర్చుకోమన్నాను. పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పీక్ తోక సాగితే కాలమ్ పాడైందా, శాంపిల్ ఎక్కువైందా అని ఎలా చూసుకోవాలో అడిగింది, అదీ చెప్పాను. చివర్లో అక్క ప్రశ్నే వేశాను. నాలాగే వైట్‌నర్ అంది.

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన మూడో వారంలో ఒక రాత్రి మెసేజ్ పెట్టింది: "మేడమ్, ఇవాళ మొదటిసారి తప్పు రాశాను. ఒక్క గీతే కొట్టాను."