రిఫరెన్స్ లిస్ట్ నీట్‌గానే ఉంది, అందులో మూడు పేపర్లే లేవు!

మా అక్క బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. థీసిస్ సబ్మిషన్‌కి పది రోజుల ముందు ఫోన్ చేసి, "ఒరేయ్, రిఫరెన్సులన్నీ ఒకే ఫార్మాట్‌లోకి తెచ్చిపెట్టు, నువ్వు సాఫ్ట్‌వేరే కదా" అంది. ఇంట్లో ఒకడు సాఫ్ట్‌వేర్ అయితే చాలు, ప్రింటర్ దగ్గర్నుంచి ఆధార్ అప్‌డేట్ దాకా అన్నీ వాడి నెత్తినే. ఫైల్ తెరిస్తే 187 రిఫరెన్సులు. కొన్ని చేత్తో టైప్ చేసినవి, కొన్ని గూగుల్ స్కాలర్ నుంచి కాపీ కొట్టినవి, ఇంకొన్ని ఒక ఏఐ రైటింగ్ యాప్ ఇచ్చినవి. ఒక్క సాయంత్రం పని అనుకున్నా. మూడు రాత్రులు పట్టింది.

ముందు అన్నిటినీ జొటేరోలోకి ఎక్కించాను. తెలియనివాళ్ల కోసం ఒక మాట: ఇది 2006 నుంచి ఉన్న ఫ్రీ, ఓపెన్ సోర్స్ యాప్. పేపర్ డీఓఐ నంబర్ ఇస్తే చాలు, రచయితలు, జర్నల్, సంవత్సరం, పేజీలు అన్నీ అదే లాక్కొస్తుంది. వర్డ్, గూగుల్ డాక్స్, లిబ్రేఆఫీస్ మూడింటిలోనూ పనిచేస్తుంది. జర్నల్ మారితే స్టైల్ మార్చుకోవచ్చు, లిస్ట్ మొత్తం దానంతటదే మారిపోతుంది. ఫ్రీ స్టోరేజ్ 300 ఎంబీ మాత్రమే. పీడీఎఫ్‌లు కూడా సింక్ చేస్తే అది ఇట్టే నిండిపోతుంది. వెబ్‌డావ్ సర్వర్ ఏదైనా ఉంటే ఫైళ్లు అక్కడ పెట్టుకోవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

అసలు గొడవ రెండో రాత్రి మొదలైంది. మూడు రిఫరెన్సులు ఎంతకీ దొరకలేదు. రచయితలు నిజమే, ఆ ఫీల్డ్‌లో పనిచేసేవాళ్లే. జర్నల్ నిజమే. టైటిల్ కూడా నమ్మేలానే ఉంది. కానీ ఆ వాల్యూమ్‌లో ఆ పేజీలో ఉన్నది వేరే పేపర్. ఒకదానికి డీఓఐ కూడా ఉంది. నొక్కితే చేపల పెంపకం మీద ఏదో వ్యాసం తెరుచుకుంది! మూడూ ఆ ఏఐ యాప్ ఇచ్చినవే.

అక్కకి చెబితే కాసేపు మాట రాలేదు. "వాక్యం నేను రాసిందేరా. దానికి సపోర్ట్‌గా పేపర్ ఏదైనా ఉందా అని అడిగితే ఇచ్చింది" అంది. అలా అడగడమే ప్రమాదం. ముందు పేపర్ చదివి తర్వాత వాక్యం రాయాలి, ఇక్కడ జరిగింది రివర్స్. ఆ మూడింటిలో ఒకటి, తను ప్రయోగంలో ఆ పీహెచ్ విలువే ఎందుకు తీసుకుందో చెప్పే చోట ఉంది. వైవాలో ఎగ్జామినర్ ఆ పేపర్ గురించి ఒక్క ప్రశ్న అడిగితే తన పరిస్థితేంటి?

ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌లో దొరికిపోయేది కదా అంటారేమో. దొరకదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సిమిలారిటీ లెక్కలోంచి రిఫరెన్సులని తీసేస్తారు. అది సబబే, అందరి లిస్టులూ ఒకేలా ఉంటాయి కదా. దాంతో థీసిస్‌లో ఆ మెషీన్ లెక్కలోకి రాని భాగాల్లో ఇదొకటిగా మిగిలింది.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. స్పెల్లింగ్ తప్పు రాస్తే వర్డ్ వెంటనే కింద ఎర్రగీత గీస్తుంది. లేని పేపర్‌ని సైట్ చేస్తే? చక్కగా ఇటాలిక్స్ పెట్టి, కామాలు సర్ది, అందంగా ముస్తాబు చేసిస్తుంది. ఇప్పుడున్న టూల్స్ చాలావరకు రిఫరెన్స్ ఎలా కనిపిస్తోందో చూస్తాయి తప్ప, అసలది ఉందా లేదా అని చూడవు. టెక్నికల్‌గా ఇది పెద్ద పనేం కాదు. క్రాస్‌రెఫ్ దగ్గర 15 కోట్లకు పైగా రికార్డులున్నాయి, దాని ఏపీఐ ఫ్రీ, కీ కూడా అక్కర్లేదు. మూడో రాత్రి పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశా: ఒక్కో టైటిల్ తీసుకుని క్రాస్‌రెఫ్‌ని అడుగుతుంది, వచ్చిన టైటిల్‌తో పోల్చి చూస్తుంది, తేడా ఎక్కువుంటే ఆ లైన్ నాకు చూపిస్తుంది. అంతే. నేను లుంగీలో కూర్చుని రాసింది రైటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్‌గా ఎందుకు ఉండకూడదు?

ఒక జాగ్రత్త. క్రాస్‌రెఫ్‌లో లేనంత మాత్రాన ఫేక్ అని కాదు. మన దగ్గర చాలా జర్నల్స్‌కి డీఓఐలే ఉండవు. శోధ్‌గంగలో ఉన్న థీసిస్‌లూ, పాత పుస్తకాలూ అందులో దొరక్కపోవచ్చు. నా స్క్రిప్ట్ అనుమానించినవి మొత్తం 21, వాటిలో నిజంగా లేనివి ఆ మూడే. మిగతావి మనిషి కళ్లతో చూడాల్సిందే. అందుకే ఎర్రగీత కాదు, పసుపుగీత చాలంటాను. రిట్రాక్ట్ అయిన పేపర్ల విషయంలో జొటేరో 2019 నుంచీ ఈ పని చేస్తోంది: రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో పోల్చి, వెనక్కి తీసుకున్న పేపర్ మీ లైబ్రరీలో ఉంటే ఎర్రగా హెచ్చరిస్తుంది. "ఉందా లేదా"కి కూడా అలాంటిదే కావాలి.

ఇంకో సమస్య, ఇది మన తెలుగువాళ్లది. ఫాస్ఫేట్ కొలవడానికి అక్క వాడింది ఫిస్కే-సుబ్బారో పద్ధతి. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వచ్చిన పేపర్ అది. ఆ సుబ్బారో మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అక్క లిస్టులో ఆయన రెండుసార్లు ఉన్నారు. ఒకచోట పేరు సరిగ్గానే ఉంది. రెండోచోట "వై. సుబ్బ రో" అని విడగొట్టి టైప్ చేస్తే, సాఫ్ట్‌వేర్ చివరి ముక్కే ఇంటిపేరనుకుని ఆయన్ని "రో" చేసేసింది! బిబ్‌టెక్స్ రూల్ కూడా ఇదే, కామా లేకపోతే చివరి పదమే ఇంటిపేరు. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. వందేళ్లుగా ప్రపంచం ఆయన్ని సుబ్బారో అనే సైట్ చేస్తోంది, యల్లాప్రగడ అనే ఇంటిపేరు "వై" అనే ఒక్క అక్షరమైపోయింది.

బిబ్‌టెక్స్ వాడేవాళ్లు ఇంటిపేరుగా కనిపించాల్సింది ముందు రాసి కామా పెట్టండి, సరిపోతుంది. జొటేరోలో రెండు పేర్లకీ వేర్వేరు గడులుంటాయి. తారుమారైతే రైట్‌క్లిక్ చేసి మార్చేయొచ్చు. కానీ ఒకసారి పబ్లిషర్ దగ్గర తప్పు పడితే, డీఓఐతో పాటు ఆ తప్పూ అందరి లైబ్రరీల్లోకి వచ్చేస్తుంది. పేరు ఎలా విడగొట్టాలో రచయితనే అడగడం సబ్మిషన్ ఫారం దగ్గరే జరగాలి.

చివరికి డూప్లికేట్లు తొమ్మిది కలిపేశాం, లేని మూడూ తీసేశాం. వాటిలో రెండు వాక్యాలకి అక్క నిజమైన పేపర్లు వెతికి, చదివి పెట్టింది. మూడోదానికి ఏదీ దొరకలేదు, పీహెచ్ గురించినదే. ఆ వాక్యం కొట్టేసి, తను ల్యాబ్‌లో వేరువేరు పీహెచ్‌ల దగ్గర చేసిన ట్రయల్స్ టేబుల్‌ని అనుబంధంలో పెట్టింది. మొత్తం 177.

ఫైల్ పంపేశాక, తన పేపర్ ఒకటి స్కాలర్‌లో ఎలా కనిపిస్తోందో వెతికి చూసుకుంది. ఇంటిపేరు ఒక్క అక్షరం. ఆ రాత్రే ఆర్కిడ్ ప్రొఫైల్ తెరిచి, ఇతర పేర్ల గడిలో పూర్తి పేరు టైప్ చేసింది.