ఈత రాకపోయినా సముద్రం అడుగు చూడొచ్చు!

మన పశ్చిమ గోదావరి ఆడవాళ్ళకి నీళ్ళు కొత్తేం కాదు. మా ఉండిలో నాలుగడుగులు వేస్తే కాలవ, ఊరు దాటితే చేపల చెరువులు, ఇంకాస్త ముందుకెళితే కొల్లేరు. అయినా మనలో ఈత వచ్చినవాళ్ళు ఎందరున్నారు చెప్పండి? మగపిల్లలు వంతెన మీంచి కాలవలోకి దూకుతుంటే, మనం రేవు మెట్టు మీద నిలబడి బిందె ముంచుకుని వచ్చినవాళ్ళమే. అలాంటి మనం సముద్రం అడుక్కి వెళ్ళి, అరగంట పాటు చేపల మధ్య తిరిగి రావచ్చంటే వేళాకోళంగా ఉంటుంది. కానీ నిజమేనండీ. ఈత ఒక్క బారైనా రాని నేను, నలభై దాటాక, అండమాన్‌లో ఆ పని చేసొచ్చాను. ఎలా వెళ్ళాలో చెబుతాను. ఎవరు వెళ్ళకూడదో కూడా చెబుతాను. ఆ రెండోదే ముఖ్యం.

దీన్ని స్కూబా డైవింగ్ అంటారు. వీపున గాలి సిలిండరు, నోట్లో రబ్బరు గొట్టం, కళ్ళకీ ముక్కుకీ కలిపి అద్దం, కాళ్ళకి బాతు పాదాల్లాంటి రెక్కలు. మనం పీల్చినప్పుడు కావలసినంత గాలి మాత్రమే వదిలే పరికరాన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఇప్పటికీ అదే పద్ధతి. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. కాదు. మనం పీల్చే మామూలు గాలినే వడపోసి, బాగా ఒత్తిడి పెట్టి నింపుతారు.

విశాఖ ఋషికొండలో కూడా స్కూబా ఉంది కదా, అండమాన్ దాకా ఎందుకు అంటారేమో. పగడాల కోసం. పగడపు దిబ్బలు పెరగాలంటే నీళ్ళు వెచ్చగా, తేటగా ఉండాలి, ఎండ అడుగు దాకా దిగాలి. గోదావరీ కృష్ణా ఒండ్రు తెచ్చి పోసే మన పేరుపాలెం, అంతర్వేది వైపు అది కుదరదు. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకులో పోర్ట్‌బ్లెయిర్ చేరతాం. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, కాబట్టి భాషకి ఇబ్బంది లేదు. అక్కడి నుంచి సుమారు రెండు గంటలు పడవలో వెళితే హావ్‌లాక్ దీవి. దీన్ని 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

అక్కడ ముందుగా ఒక ఫారం చేతికిస్తారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, మూర్ఛ ఉందా, చెవికి ఆపరేషన్ అయిందా, బీపీకి మందులు వాడుతున్నారా, గర్భవతా అని అడుగుతుంది. మాతో వచ్చిన మా తోడికోడలికి ఉబ్బసం, చలికాలంలో పంపు వాడుతుంది. “ఎవరు చూడొచ్చారు, లేదని పెట్టెయ్, డబ్బులు కట్టేశాం” అన్నారు మా మరిదిగారు. ఆ మాట మనందరి ఇళ్ళలో వినేదే కదా! కానీ ఆవిడ పెన్ను తీసి ‘ఉంది’ అనే రాసింది. డాక్టరు కాగితం లేకుండా దింపమన్నారు వాళ్ళు. ఆయన మొహం ముడుచుకున్నారు. ముడుచుకోనివ్వండి!

ఎందుకు అంత పట్టింపు అంటే వినండి. నీళ్ళలో పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ నింపిన బుడగని మూతి కట్టి పైకి తెస్తే రెండింతలవుతుంది. మన ఊపిరితిత్తులూ అంతే. పైకి వస్తూ ఊపిరి బిగబడితే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తి చిరిగే ప్రమాదం ఉంది. ఉబ్బసంలో గొట్టాలు మూసుకుని గాలి చిక్కుకుపోతుంది కాబట్టి మనం బిగబట్టకపోయినా అదే ముప్పు. గర్భవతులు అసలు దిగకూడదు. జలుబు చేసినా ఆ రోజుకి మానుకోవాల్సిందే. నెలసరి మాత్రం అడ్డు కాదు, ఎవరినీ అడగలేక ఊరుకోకండి.

ఇక డ్రెస్సు సంగతి. మెడ నుంచి చీలమండ దాకా ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు ఇస్తారు. నిండుగానే ఉంటుంది, సిగ్గుపడాల్సిందేం లేదు. తొడుక్కోవడం మాత్రం బ్రహ్మ ప్రళయం, ఇద్దరు పట్టాలి. పైన ముడి వేసుకుంటే అద్దం పట్టీ నిలవదు, జడ కిందకి బిగించి అల్లుకోండి. వెంట్రుక అద్దం కిందకి వెళితే నీళ్ళు కారతాయి. గాజులు, పొడుగు గొలుసులు గదిలోనే ఉంచి వెళ్ళండి.

మొదట గుండెల దాకా నీళ్ళలో అరగంట నేర్పుతారు. మాకు నేర్పింది పాతికేళ్ళ బెంగాలీ అమ్మాయి. అన్నిటికంటే పెద్ద సూత్రం, ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. నోటితో నెమ్మదిగా పీల్చాలి, వదలాలి. నీళ్ళలో తల పెట్టగానే ఊపిరి బిగబట్టడం మన పుట్టుకతో వచ్చిన అలవాటు, దాన్ని మరిచిపోవడమే అసలు కష్టం. దిగుతుంటే అరకు ఘాటు రోడ్డు మీద లాగా చెవులు దిబ్బళ్ళు పడతాయి. నొప్పి రాకముందే ముక్కు మూసుకుని మెల్లిగా గాలి ఊదాలి. మాటలు ఉండవు గనక అన్నీ సైగలే. బొటనవేలు పైకెత్తితే మనకి ‘భేష్’ అని, అక్కడ ‘పైకి తీసుకుపో’ అని! బాగుందంటే బొటనవేలూ చూపుడువేలూ సున్నా చుట్టాలి. మొదటిసారి వాళ్ళని పన్నెండు మీటర్లు దాటనివ్వరు. మేము ఇరవై అడుగులే దిగాం. ఆ అమ్మాయి నా వెనకాలే సిలిండరు పట్టుకుని ఉంది, ఒక్క క్షణం వదల్లేదు. భయం వేస్తే బొటనవేలు చూపండి, కారణం అడగరు.

ఇక లోపల! చెప్పొద్దూ, నాకు ముందు వినిపించింది నా ఊపిరి చప్పుడే. తర్వాత చూస్తే నా చేతి గోళ్ళకి పెట్టుకున్న ఎర్ర రంగు మట్టి రంగులోకి మారిపోయింది. నీళ్ళు ముందుగా ఎరుపుని మింగేస్తాయట. అద్దంలోంచి ప్రతిదీ మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది, మా ఊరి చేపలమ్మికి ఆ అద్దం ఇస్తే ఇంకేముంది! పిల్లలు సినిమాలో చూసిన నీమో చేప, నారింజ రంగు మీద తెల్ల పట్టీలతో, ఊగే చేతుల్లాంటి సముద్రపు జీవి మధ్య కాపురం ఉంటుంది. ఆ ఇంట్లో పెద్ద ఆడదే. ఆవిడ పోతే మగచేప ఆడదిగా మారి పెత్తనం తీసుకుంటుంది. చిలక మూతి చేపలు పగడాన్ని కొరికి నమిలి ఇసకగా విసర్జిస్తాయి. ఒడ్డున మనం నడిచే తెల్ల ఇసకలో చాలా భాగం అదే.

పగడం రాయి కాదు, ప్రాణి. రవ్వంత జీవులు లక్షలుగా కలిసి సున్నపు గూళ్ళు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో ఉండే నాచు ఎండలో వంట చేసి పెడుతుంది, రంగూ ఇస్తుంది. మన రైతులకి చెరువు నీళ్ళు వేడెక్కితే ఏమవుతుందో తెలుసు, రాత్రికి రాత్రి చేప తేలుతుంది, ఏరేటర్లు వేసుకుని కూర్చుంటాం. సముద్రానికి ఏరేటర్ లేదు. మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలుంటే చాలు, పగడం ఆ నాచుని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. అండమాన్‌లో 2010లో, మళ్ళీ 2016లో అలా జరిగింది. ప్రపంచమంతా పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మేము చూసినచోట సగం బూడిదరంగు గుట్టలే, వాటి మీద అక్కడక్కడ ఊదా రంగు చిగుళ్ళు. రెక్క తగిలితే ఆ చిగురు విరిగిపోతుంది, అందుకే చేతులు గుండెలకి కట్టుకుని చూడమంటారు. ఒడ్డున పడి ఉన్న పగడం ముక్కైనా షోకేసుకి తెచ్చుకోకండి, వన్యప్రాణి చట్టం కింద నేరం.

దిగలేని వాళ్ళకి అడుగున అద్దం వేసిన పడవలున్నాయి. మా తోడికోడలు అందులోంచే చూసింది. తనకీ నీమో కనిపించింది.

తిరుగు ప్రయాణం టిక్కెట్టు జాగ్రత్తగా చూసుకోండి. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరిగి ఉంటుంది. వెంటనే విమానం ఎక్కితే గోలీసోడా మూత తీసినట్టు బుడగలు పుడతాయి. ఒక్కసారి దిగినవాళ్ళు కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగినవాళ్ళు 18 గంటలు ఆగాలి. ఒక రోజంతా ఆగితే ఇంకా మంచిది. సెల్యులర్ జైలు చూడటం ఆ రోజుకి పెట్టుకోండి.